హైదరాబాద్–దుబాయ్: దూరం 2,547 కిలోమీటర్లు సరే, టైమ్ ఎంత?

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఎంతసేపు పడుతుందని నెట్‌లో వెతికితే ఒక సైట్ 3 గంటల 10 నిమిషాలంటుంది. ఇంకోటి 3 గంటల 40 అంటుంది. టికెట్ మీద 4 గంటల 5 నిమిషాలుంటుంది. పోనీ అని దిగే టైమ్‌లోంచి ఎక్కే టైమ్ తీసేస్తే రెండున్నర గంటల చిల్లరే తేలుతుంది. వీటిలో ఏదీ అబద్ధం కాదు, ఒక్కోటి ఒక్కోదాన్ని కొలుస్తోంది. దూరం మాత్రం మారదు కాబట్టి ముందు దాని సంగతి తేల్చేద్దాం.

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ ఉన్నది 17.2313 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.4298 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. దుబాయ్ ఇంటర్నేషనల్ 25.2528, 55.3644. సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉన్న ఫోన్ ఏదైనా చాలు, మిగతాది ఇంటర్ త్రికోణమితే. రెండు అక్షాంశాల సైన్‌లు తీసి గుణించండి, 0.12638 వస్తుంది. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లనూ, రేఖాంశాల తేడా 23.0654 డిగ్రీల కొసైన్‌నూ, మూడింటినీ గుణించండి, 0.79478. రెండూ కూడితే 0.92116. దీనికి విలోమ కొసైన్ తీస్తే 22.904 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీ అంటే 111.195 కిలోమీటర్లు కాబట్టి గుణిస్తే 2,547 కిలోమీటర్లు. భూగోళం మీద రెండు చోట్ల మధ్య ఇంతకన్నా దగ్గర దారి లేదు. దీన్నే గ్రేట్ సర్కిల్ దూరం అంటారు.

ఇక్కడ తప్పులు జరిగే చోట్లు మూడున్నాయి. కాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉంటే అర్థంపర్థం లేని అంకె వస్తుంది. అది వెంటనే తెలిసిపోతుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. ఎక్సెల్‌లో చేసేవాళ్లకు ఈ గొడవ తప్పదు, అది రేడియన్లే తీసుకుంటుంది. డిగ్రీలను ముందు మార్చుకోవాలి. రెండోది, మధ్యలో దశాంశాలు కుదించడం. 0.92 అని రాసేసుకుంటే చివర్లో పదిహేను ఇరవై కిలోమీటర్ల తేడా వస్తుంది. మూడోదే అసలు దొంగ తప్పు. విమానయాన శాఖల పత్రాల్లో అక్షాంశాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. శంషాబాద్ అక్షాంశం అలా రాస్తే 17 డిగ్రీల 13 నిమిషాల 53 సెకన్లు. దాన్ని 17.1353 అని కొట్టేస్తారు. కానీ నిమిషాన్ని 60తో, సెకనుని 3,600తో భాగించాలి, అప్పుడు 17.2313 అవుతుంది. ఈ ఒక్క పొరపాటుతో ఎయిర్‌పోర్ట్ పది కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరిగిపోతుంది. జవాబు చూడ్డానికి బాగానే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టుకోరు.

అన్నీ సరిగా చేసినా ఒక చోట 2,545, ఇంకో చోట 2,549 కనిపించొచ్చు. డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు అని లెక్కేస్తే 2,545. భూమి గుండ్రని బంతి అనుకుంటే 2,547. ధ్రువాల దగ్గర నొక్కుకుపోయిన అసలు ఆకారం తీసుకుంటే 2,549. దుబాయ్ మనకు దాదాపు పడమర కాబట్టి అసలు ఆకారంలో దూరం కొంచెం పెరుగుతుంది. ఢిల్లీలా ఉత్తరానికి వెళ్లే దారి అయితే తగ్గుతుంది. హైదరాబాద్–ఢిల్లీ బంతి లెక్కలో 1,267, అసలు లెక్కలో 1,262. ఈ నాలుగైదు కిలోమీటర్లు విమానానికి అర నిమిషం కూడా కాదు, వాటి కోసం వాదించుకోవద్దు.

మైళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. 2,547 కిలోమీటర్లంటే మామూలు మైళ్లలో 1,583, నాటికల్ మైళ్లలో 1,375. పైలట్లు వాడేది రెండోది. ఎయిర్‌లైన్ పాయింట్ల పట్టికల్లో ఎక్కువగా మొదటిది. 'మైళ్లు' అని మాత్రమే ఉంటే ఏ మైళ్లో చూసుకోవాలి, పదిహేను శాతం తేడా.

ఇంకోటి, అసలు ఏ ఎయిర్‌పోర్ట్? హెచ్‌వైడీ అనే మూడక్షరాల కోడ్ 2008 మార్చి దాకా బేగంపేటది. శంషాబాద్ తెరిచాక దీనికొచ్చింది. పాత డేటాబేస్ పట్టుకుని నడిచే సైట్లు ఇంకా బేగంపేట నుంచే కొలుస్తుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. నాలుగక్షరాల కోడ్ చూస్తే దొరికిపోతుంది. వీఓహెచ్‌ఎస్ అయితే శంషాబాద్, వీఓహెచ్‌వై అయితే బేగంపేట. అటువైపు దుబాయ్ పేరుతోనే రెండున్నాయి, ఊళ్లో ఉన్న దుబాయ్ ఇంటర్నేషనల్, దాని కోడ్ డీఎక్స్‌బీ; జెబెల్ అలీ వైపున్న అల్ మక్తూమ్, దాని కోడ్ డీడబ్ల్యూసీ. ఈ రెంటి మధ్య సూటిగా కొలిచినా 40 కిలోమీటర్ల పైనే. షార్జా అయితే హైదరాబాద్ నుంచి డీఎక్స్‌బీ కన్నా పది పన్నెండు కిలోమీటర్లు దగ్గరే. విమానంలో ఇవన్నీ ఒకటే, టాక్సీ ఎక్కాకే తేడా తెలిసేది. ఒక దాంట్లో దిగి ఇంకో దాంట్లో కనెక్షన్ ఎక్కాల్సిన టికెట్ చవగ్గా కనిపిస్తే కోడ్‌లు రెండుసార్లు చదవండి.

దూరం అయింది. టైమ్ దగ్గరికొద్దాం.

చాలా కాలిక్యులేటర్లు చేసే పని ఒక్కటే. దూరాన్ని గంటకు 800 నుంచి 900 మధ్య ఏదో ఒక వేగంతో భాగించి, ఓ అరగంట కలపడం, లేదా అదీ కలపకపోవడం. వీటిలో గాలి ఉండదు, రన్‌వే ఉండదు, దారి మలుపులుండవు. అందుకే అటు వెళ్లడానికీ ఇటు రావడానికీ ఒకే టైమ్ చూపిస్తాయి. ఒక సైట్ నమ్మదగ్గదా కాదా తేల్చుకోవడానికి ఇదే పరీక్ష. రెండు దిక్కులకూ ఒకే అంకె ఇస్తే అది దూరాన్ని టైమ్ భాషలో చెబుతోందంతే.

ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 రకాలు పైన 36,000 అడుగుల దగ్గర ధ్వని వేగంలో 0.78 వంతు మీద నడుస్తాయి. అంటే గంటకు సుమారు 830 కిలోమీటర్లు. ఇది గాలిలో వేగం. నేల మీద ఎంత ముందుకు పోతోందన్నది గాలి ఎటు వీస్తోందన్నదాన్ని బట్టి. సీటు ముందు స్క్రీన్ మీద 'గ్రౌండ్ స్పీడ్' అని కనబడేది ఇదే. దుబాయ్ వెళ్లేటప్పుడు 750, వచ్చేటప్పుడు 910 కనిపిస్తే పైలట్ తొందరపడుతున్నాడని కాదు.

దారి కూడా గీత గీసినట్టుండదు. శంషాబాద్‌లో రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి, 09, 27 అని అంకెలు. 09 అంటే 90 డిగ్రీలు, తూర్పు. 27 అంటే 270, పడమర. దుబాయ్‌కి బయల్దేరే దిక్కు 294 డిగ్రీలు, అంటే పడమరకు కాస్త ఉత్తరంగా. నైరుతి గాలులున్నప్పుడు 27 మీంచి లేస్తే విమానం ముక్కు అప్పటికే దుబాయ్ వైపున్నట్టే. తూర్పు గాలి ఉండి 09 వాడుతుంటే ఇబ్రహీంపట్నం దిక్కుకి లేచి వెనక్కి తిరగాలి. అక్కడే నాలుగైదు నిమిషాలు. దుబాయ్‌లోనూ ఇదే తంతు, రన్‌వేలు 12, 30. మన వైపు నుంచి వెళ్లే విమానం 30 మీద దిగాలంటే ఆగ్నేయం నుంచి వస్తుంది కాబట్టి దాదాపు దారిలోనే. 12 వాడుతున్నప్పుడు ఊరు దాటి అవతలి వైపు నుంచి తిరిగి రావాలి. మధ్యలో మహారాష్ట్ర, అరేబియా సముద్రం, ఒమన్ గగనతలం. ఒక ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ నుంచి ఇంకో దానికి మారే చోట్లు ముందే ఖరారై ఉంటాయి, వాటి మీదుగానే పోవాలి. ఇవన్నీ కలిపి గ్రేట్ సర్కిల్ మీద నాలుగు శాతం వేసుకుంటే సరిపోతుంది. 2,547 కాస్తా 2,650 అవుతుంది.

ఇప్పుడు గాలి. చలికాలం రోజులకు ఎదురుగాలి గంటకు 80 కిలోమీటర్లు అనుకుందాం. వెళ్లేటప్పుడు 2,650ని 750తో భాగిస్తే 3.53 గంటలు. 3 గంటల 53 నిమిషాలు కాదండీ, 0.53ని 60తో గుణించాలి. 3 గంటల 32 నిమిషాలు. వచ్చేటప్పుడు 910తో భాగిస్తే 2 గంటల 55. గాలే లేకపోతే 3 గంటల 12. ఎదురుగాలి తినేసింది 20 నిమిషాలు, అదే గాలి తోడై తిరిగి ఇచ్చింది 17. గాలి ఒకటే అయినా రానూపోనూ లెక్క సరిసమానం కాదు, ఎదురు వీచినప్పుడు ఆ గాలిలో ఉండే సేపు కూడా ఎక్కువ కదా.

దీనికి ఎక్కడం దిగడం కోసం ఓ 10 నిమిషాలు కలపాలి, ఎందుకంటే 10,000 అడుగుల లోపు వేగం 250 నాట్లకు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లకు పరిమితం. పైనుంచి దిగడం కూడా దాదాపు 200 కిలోమీటర్ల ముందే మొదలవుతుంది. విమానం నేల మీద నడిచే టైమ్‌కి శంషాబాద్‌లో 15, దుబాయ్‌లో 10 నిమిషాలు వేసుకుంటే మొత్తం 35. వెళ్లేటప్పుడు 4 గంటల 7 నిమిషాలు, వచ్చేటప్పుడు 3 గంటల 30. టికెట్ల మీద ఉండే అంకెలకు ఇది చాలా దగ్గర.

ఈ మొత్తాన్నే బ్లాక్ టైమ్ అంటారు. విమానం గేటు వదిలి కదిలిన క్షణం నుంచి అవతల ఆగిన క్షణం దాకా. ఎయిర్‌లైన్ల లెక్కలో నాలుగు ఘట్టాలుంటాయి. గేటు వదలడం, చక్రాలు నేల వదలడం, చక్రాలు నేల తాకడం, గేటు చేరడం. రెండో ఘట్టం నుంచి మూడో ఘట్టం దాకా గాలిలో ఉన్న టైమ్. మొదటి సైట్ చెప్పిన 3 గంటల 10 నిమిషాలు దానికి దగ్గరది, అదీ గాలి లేని రోజుకి. టికెట్ మీది 4 గంటల 5 ఒకటి నుంచి నాలుగు దాకా. పైగా అందులో ఎయిర్‌లైన్ వేసుకున్న కాస్త వెసులుబాటు కూడా ఉంటుంది. 15 నిమిషాల లోపు ఆలస్యమైతే 'ఆన్ టైమ్' కిందే లెక్క కాబట్టి, షెడ్యూల్‌లో పది నిమిషాలు ఉదారంగా రాసుకోవడం వాళ్లకు లాభమే. అరగంట లేటుగా లేచి కూడా "సమయానికే చేరాం" అని ప్రకటించే మర్మం ఇదే.

గాలి ఏడాదంతా ఒకేలా ఉండదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తర భారతం మీద, 25–30 డిగ్రీల అక్షాంశాల దగ్గర, 12 కిలోమీటర్ల ఎత్తులో పడమటి జెట్ ప్రవాహం బలంగా ఉంటుంది. దుబాయ్ దారి దాని దక్షిణపు అంచున పోతుంది. అందుకే వెళ్లే టైమ్‌కీ వచ్చే టైమ్‌కీ తేడా ఈ నెలల్లోనే ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కథ తిరగబడుతుంది. దక్షిణ భారతం మీద తూర్పు నుంచి పడమరకు వీచే ఇంకో జెట్ ప్రవాహం ఏర్పడుతుంది. దాని గురించి లోకానికి వివరంగా చెప్పింది, తర్వాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన పి. కోటేశ్వరం గారు, 1958 నాటి పత్రంలో. దాని గుండె మరింత దక్షిణాన, విమానాలు తిరిగే ఎత్తుకన్నా పైన ఉంటుంది కానీ, హైదరాబాద్ చుట్టుపక్కల దాని తోపు విమానాలకు తగులుతుంది. వర్షాకాలంలో దుబాయ్ వెళ్లే విమానానికి మొదటి సగం దారిలో గాలి తోడుంటుంది, రెండు దిక్కుల తేడా తగ్గిపోతుంది. ఎయిర్‌లైన్ల షెడ్యూల్ మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారుతుంది. అప్పుడు టైమ్‌లు పది పదిహేను నిమిషాలు జరిగితే దానికి కారణాల్లో ఇదొకటి.

దూరానికీ కాలానికీ సంబంధం ఎంత పలచనో చూడాలంటే ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో చూడాలి. ఎయిర్ ఇండియా 2016 అక్టోబర్‌లో ఆ విమానాన్ని అట్లాంటిక్ వైపు మానేసి పసిఫిక్ మీదుగా మళ్లించింది. దూరం సుమారు 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. టైమ్ మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది. పడమటి గాలికి ఎదురు వెళ్లడం మానేసి దాంతో పాటు వెళ్లారు, అంతే.

గగనతలం మూసుకుపోవడం ఇంకో సంగతి. ఢిల్లీ నుంచి దుబాయ్‌కి గ్రేట్ సర్కిల్ 2,183 కిలోమీటర్లు, మనకన్నా 360 దగ్గర. కానీ ఆ గీత పాకిస్తాన్ మీదుగా పోతుంది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ భారతీయ విమానాలకు ఆ దారి మూసి, తర్వాత నెలనెలా పొడిగిస్తూ పోయింది. అలాంటప్పుడు భారతీయ సంస్థ విమానం రాజస్థాన్, గుజరాత్ మీదుగా సముద్రంలోకి దిగి చుట్టి వెళ్లాలి. గల్ఫ్ సంస్థలకు ఆ నిషేధం వర్తించదు. ఒకే రెండు ఎయిర్‌పోర్టులు, ఒకే రోజు, ఒకే రకం విమానం, అయినా ఏ సంస్థ నడుపుతోందన్నదాన్ని బట్టి టైమ్ మారుతుంది. హైదరాబాద్ దారి మొదట్నుంచీ సముద్రం మీదుగానే కాబట్టి మనకు ఈ దెబ్బ అంతగా తగల్లేదు.

అందుకని ఏ జంట ఎయిర్‌పోర్టులకైనా అసలు టైమ్ కావాలంటే కాలిక్యులేటర్ సైట్లు వదిలి, ఫ్లైట్‌రాడార్24 లాంటి చోట మీ ఫ్లైట్ నంబర్ కొట్టి, గత వారం రోజుల్లో అది నిజంగా ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది చూడండి. అక్కడ ఫ్లైట్ టైమ్ అని ఉండేది గాలిలో ఉన్న టైమ్. దానికి 25 నిమిషాలు కలిపితే బ్లాక్ టైమ్. ఏడు రోజుల్లో బాగా ఎక్కువ ఒకటి, బాగా తక్కువ ఒకటి పక్కనపెట్టి మిగతావాటి సగటు తీసుకుంటే చాలు. ఆర్నెల్ల తర్వాతి ప్రయాణానికి మాత్రం ఈ వారం అంకెలు పనికిరావు, గాలి మారిపోతుంది.

ఇక టైమ్ జోన్. టికెట్ మీద ఎక్కే టైమ్ ఎక్కే ఊరిది, దిగే టైమ్ దిగే ఊరిది. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:20కి బయల్దేరి దుబాయ్‌లో 6:55కి చేరితే తేడా 2 గంటల 35 నిమిషాలు కనిపిస్తుంది. గంటన్నర కలపండి, 4 గంటల 5. తిరుగు ప్రయాణం దుబాయ్‌లో రాత్రి 9:50కి, హైదరాబాద్‌లో మర్నాడు 2:50కి. 5 గంటలు కనిపిస్తుంది. గంటన్నర తీసేయండి, 3 గంటల 30. కలపాలా తీయాలా అన్న తికమక వస్తే రెండు టైమ్‌లనూ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి మార్చండి. మన టైమ్‌లోంచి ఐదున్నర గంటలు, దుబాయ్ టైమ్‌లోంచి నాలుగు గంటలు తీసేయాలి. తర్వాత మామూలు తీసివేతే. దుబాయ్‌లో ఎండాకాలం గడియారం మార్చే పద్ధతి లేదు కాబట్టి గంటన్నర ఏడాదంతా గంటన్నరే. లండన్ అయితే చలికాలం ఐదున్నర, వేసవిలో నాలుగున్నర. చికాగో పదకొండున్నర, పదిన్నర. అక్కడివాళ్లతో లెక్కలేసేటప్పుడు నెల చూసుకోవాలి.

కనెక్షన్ ఉన్నవాళ్లకు ఒక మాట. దుబాయ్‌లో దొరికే వ్యవధి టికెట్ మీది చేరే టైమ్ నుంచి లెక్కేస్తారు. ఆ టైమ్‌కి విమానం గేటు దగ్గర ఆగుతుందంతే, తలుపు తీసి వెనక సీట్లవాళ్లు దిగేసరికి ఇంకో పావుగంట. రెండు టికెట్లు విడివిడిగా కొంటే మొదటి విమానం లేటయినా రెండోది మీకోసం ఆగదు, డబ్బులూ రావు. ఒకే బుకింగ్‌లో ఉంటే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది.

చివరిగా, తెలంగాణ పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఎక్కువ దెబ్బ కొట్టేది దూరం కాదు, తేదీ. 12వ తేదీ తెల్లవారుజాము 4:20 విమానం తీసుకోండి. అంతర్జాతీయ విమానాలకు మూడు గంటల ముందుండమంటారు, అంటే రాత్రి 1:20. చాలా సంస్థలు గంట ముందు, అంటే 3:20కి చెక్-ఇన్ కౌంటర్ మూసేస్తాయి. ఆ తర్వాత ఎంత బతిమాలినా పని జరగదు. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన) పాస్‌పోర్ట్ మీద ఉద్యోగానికి వెళ్తుంటే ఇమిగ్రేషన్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కాగితాలు చూసే టైమ్ కూడా వేసుకోవాలి. జగిత్యాల నుంచి కారులో వస్తే దారిలో భోజనం, శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరడం అన్నీ కలిపి ఐదారు గంటలు. టికెట్ మీద 12 అని ఉన్నా ఇంట్లోంచి కదలాల్సింది 11వ తేదీ సాయంత్రం ఏడింటికి.